ఎవరి కల్లంలో కుప్ప: సోమనాథ్ హోర్ అచ్చుల్లో తెభాగా నేల

1946 చలికాలంలో ఉత్తర బెంగాల్ పల్లెల్లో గొడవంతా ఒక్క ప్రశ్న మీద నడిచింది. కోసిన వరి మోపులు ఎవరి కల్లానికి చేరాలి? పాలికి చేసే రైతే దుక్కి దున్నుతాడు, నాట్లు వేస్తాడు, కోత కోస్తాడు. కోసిన పంటను మాత్రం భూస్వామి కల్లానికి మోసుకెళ్ళి కుప్ప వేయాలి. అక్కడ నూర్చి, కొలిచి, సగం భూస్వామి తీసుకుంటాడు. రైతుకు మిగిలిన సగంలోంచి విత్తనాల అప్పు, తిండిగింజల అప్పు, వాటి మీద వడ్డీ, ఇంకా రకరకాల పేర్లతో వసూళ్ళు పోతాయి. కల్లం ఎవరిదైతే కొలత వాళ్ళ చేతిలో ఉంటుంది, లెక్క కూడా వాళ్ళదే అవుతుంది.

మన దగ్గర కోరు, సగపాలు అనే సేద్యం చేసేవాణ్ణి అక్కడ 'ఆధియార్' అనీ 'బర్గాదార్' అనీ అంటారు. భూమి గల ఆసామి 'జోత్‌దార్'. 'తెభాగా' అంటే మూడు భాగాలు: రెండు సేద్యం చేసినవాడికి, ఒకటి భూమి గలవాడికి. ఇది రైతు సంఘం గాలిలోంచి తెచ్చిన డిమాండ్ కాదు. బెంగాల్ భూమి శిస్తు మీద ప్రభుత్వమే వేసిన ఫ్లౌడ్ కమిషన్ 1940 నివేదికలో ఇదే సిఫారసు చేసింది. అది కాగితం మీదే ఉండిపోయింది. 1946 సెప్టెంబర్‌లో బెంగాల్ కిసాన్ సభ దాన్ని ఉద్యమంగా చేపట్టింది. నినాదం చాలా చిన్నది, 'నిజ్ ఖామారే ధాన్ తోలో'. మన మాటలో చెప్పాలంటే, నీ కల్లంలోనే కుప్ప వెయ్యి.

ఆ డిసెంబర్‌లో కమ్యూనిస్టు పార్టీ 25 ఏళ్ళ ఆర్ట్ విద్యార్థి ఒకరిని రంగపూర్ జిల్లాకు పంపింది. పని ఏమిటంటే చూసింది గీయడం, విన్నది రాయడం. ఆ విద్యార్థి సోమనాథ్ హోర్. ఊరూరా తిరిగి, రైతుల ఇళ్ళల్లో ఉండి, రోజువారీ డైరీ రాశాడు. దాని పక్కనే స్కెచ్‌లు వేశాడు. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆ స్కెచ్‌లలో కొన్ని చెక్క అచ్చులయ్యాయి. స్థానిక భూమి చరిత్ర ప్రింట్ కళలోకి ఎలా వస్తుందో చూపడానికి భారతదేశంలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

భూమి చరిత్ర మామూలుగా దొరికేది రికార్డుల్లో. సర్వే పటం, శిస్తు రిజిస్టరు, దస్తావేజు. వీటిలో భూమి గలవాడి పేరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది, హద్దులు ఉంటాయి. పాలికి చేసినవాడి పేరు ఉండదు. పశ్చిమ బెంగాల్‌లో 1978లో 'ఆపరేషన్ బర్గా' మొదలయ్యాక దాదాపు 14 లక్షల మంది బర్గాదార్ల పేర్లు రికార్డులకెక్కాయి. అంటే రెవెన్యూ కాగితంలో పేరు పడడానికి మూడు దశాబ్దాల ముందే ఆ మనిషి ముఖం చెక్క మీదికి ఎక్కింది. హోర్ అచ్చులను ఇలా ఒక ప్రత్యామ్నాయ భూమి రికార్డుగా చదవవచ్చు.

హోర్ 1921లో చిట్టగాంగ్ జిల్లా బరమా గ్రామంలో పుట్టాడు. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ అతన్ని వెంటబెట్టుకుని చిట్టగాంగ్ వీధుల్లోకి, ఆసుపత్రుల్లోకి తీసుకెళ్ళి, ఆకలితో పడి ఉన్న మనుషుల్ని చూసి గీయమన్నాడు. హోర్‌కు అదే మొదటి బడి. చిత్తప్రసాద్ తన మేదినీపూర్ ప్రయాణం నుంచి తెచ్చిన కరువు బొమ్మలను పుస్తకంగా వేస్తే బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులను పట్టుకుని తగలబెట్టింది. బొమ్మ ఒక్కటే ఉంటే దాన్ని నాశనం చేయడం ఎంత తేలికో ఆ తరం చిత్రకారులకు అలా తెలిసొచ్చింది. తర్వాత చిత్తప్రసాద్ లినోకట్‌లోకి, అంటే చెక్క బదులు మెత్తటి లినోలియం పలకను చెక్కి అచ్చు వేసే పద్ధతిలోకి, ఎక్కువగా వెళ్ళాడు. హోర్ కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ కళాశాలలో జైనుల్ ఆబెదిన్ దగ్గర చదివాడు, సఫీయుద్దీన్ అహ్మద్ దగ్గర చెక్క చెక్కడం నేర్చుకున్నాడు.

చెక్క అచ్చు పని చూడ్డానికి సూటిగా ఉంటుంది. నున్నగా చేసిన పలక మీద బొమ్మను కుడి ఎడమలు తారుమారుగా గీస్తారు. తెల్లగా ఉండాల్సిన చోటల్లా ఉలితో తవ్వేస్తారు. మిగిలిన ఎత్తు మీద రోలర్‌తో ఇంక్ పూసి, కాగితం పరిచి, పైన రుద్దుతారు. దీనికి పెద్ద ప్రెస్ అక్కర్లేదు. చెంచా వెనక భాగంతో రుద్దినా అచ్చు దిగుతుంది. పెడనలో కలంకారీ బట్ట మీద టేకు అచ్చు కొట్టడం చూసినవాళ్ళకు సూత్రం వెంటనే అర్థమవుతుంది, ఎత్తుగా మిగిలిన భాగమే రంగు పట్టుకుంటుంది. దీనికి ఇంకో సౌకర్యం ఉంది. పలకను సీసపు అక్షరాల ఎత్తుకు సరిపడా కోస్తే వార్త పక్కనే బొమ్మను బిగించి ఒకే దెబ్బలో అచ్చు వేయవచ్చు. డబ్బులేని పత్రికలకు, కరపత్రాలకు ఇది పెద్ద వరం.

అసలు సంగతి ఇంకా లోపల ఉంది. పెన్సిల్‌తో గీసేవాడు తెల్ల కాగితం మీద నలుపు పెడుతూ పోతాడు. చెక్క చెక్కేవాడి ఎదుట ఉన్నది నలుపు. ఏమీ చెక్కకుండా అచ్చు వేస్తే కాగితమంతా చీకటే. వెలుగు కావాలంటే తవ్వాలి. తెభాగాలో పని చాలావరకు రాత్రుల్లో జరిగింది. సమావేశాలు, కాపలాలు, రేపు ఎవరి చేలో కోత అన్న నిర్ణయాలు. లాంతరు చుట్టూ కూర్చున్న రైతుల దృశ్యం హోర్ అచ్చుల్లో వస్తుంది. మొహం మీద పడిన వెలుగు, భుజం అంచు, కండువా మడత, ఒక్కొక్కటీ చీకట్లోంచి ఉలితో తీసినవే. ఆ రాత్రులకు ఈ పద్ధతి కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోయింది. అదే దృశ్యం నీటిరంగుల్లో వేస్తే అందంగా ఉండేదేమో, ఇంత బరువుగా మాత్రం ఉండేది కాదు.

మనుషుల్ని హోర్ చెక్కిన తీరు కూడా గమనించాలి. ఒంటి మీద గీతలు దుక్కి చాళ్ళలా పక్కపక్కనే సాగుతాయి. మోపు మోసేవాడి వీపుకూ, మోపులోని గడ్డికీ ఒకే ఉలి. ఇది మనిషికీ పొలానికీ పోలిక చెప్పాలని చేసిన అలంకారం కాకపోవచ్చు. పనిముట్టు తనంతట తాను తెచ్చిన బంధుత్వం.

ఆ కొన్ని నెలల సందర్భాన్ని మర్చిపోకూడదు. 1946 ఆగస్టులో కలకత్తాలో, అక్టోబర్‌లో నవాఖాలీలో మత హింస రేగింది. అదే చలికాలంలో ఉత్తర బెంగాల్‌లో రాజ్‌బంశీ హిందూ రైతులూ ముస్లిం రైతులూ ఒకే చేలోకి కొడవళ్ళతో దిగారు. ఆడవాళ్ళు చీపుర్లు, రోకళ్ళు పట్టుకుని పోలీసులకు అడ్డం నిలబడ్డారు. 1947 జనవరిలో ప్రభుత్వం బర్గాదార్ల బిల్లు ముసాయిదా ప్రకటించింది, అది అప్పుడు చట్టం కాలేదు. ఫిబ్రవరి 20న దినాజ్‌పూర్ జిల్లా ఖాన్‌పూర్‌లో పోలీసు కాల్పుల్లో 22 మంది చనిపోయారు. ఆగస్టులో దేశ విభజన. రంగపూర్ తూర్పు పాకిస్తాన్‌లోకి వెళ్ళింది. హోర్ పుట్టిన చిట్టగాంగ్ కూడా.

కాబట్టి విభజన తర్వాత కలకత్తాలో కూర్చుని ఆ డైరీ స్కెచ్‌లను పలకల మీదికి ఎక్కిస్తున్నప్పుడు ఆ చేలు, ఆ కల్లాలు వేరే దేశంలో ఉన్నాయి. అక్కడికి వెళ్ళి మళ్ళీ చూసుకుని సరిచేసుకునే వీలు లేదు. ఈ అచ్చుల్లో వివరాలు తక్కువగా, మనుషుల భంగిమలు బలంగా ఉండడానికి ఇది ఒక కారణం అనుకోవచ్చు. జ్ఞాపకంలో ఇంటి చూరు ఎన్ని వాసాలదో నిలవదు, మోపు ఎత్తేటప్పుడు నడుం ఎలా వంగిందో నిలుస్తుంది.

ఈ దారిలో హోర్ మొదటివాడు కాదు. జర్మన్ చిత్రకారిణి కేథే కొల్విట్జ్ 1902 నుంచి 1908 వరకు, 1524-25 నాటి జర్మన్ రైతుల తిరుగుబాటు మీద ఏడు ప్రింట్ల వరుస చేసింది. అందులో ఒకదాంట్లో ఇద్దరు మనుషులు ఎద్దుల స్థానంలో నాగలికి కట్టుబడి ఉంటారు. వాళ్ళ శరీరాలు దాదాపు నేలకు సమాంతరంగా వంగిపోయి, ఏది నేలో ఏది మనిషో తెలియనంత దగ్గరికి వస్తాయి. ఇంకోదాంట్లో వీపు చూపిస్తూ నిలబడ్డ ఒక ఆడమనిషి రెండు చేతులూ పైకెత్తి గుంపును ముందుకు తోస్తుంది. చైనాలో రచయిత లూ షున్ 1931లో షాంఘైలో కుర్ర చిత్రకారులకు చెక్క అచ్చు శిక్షణ పెట్టించాడు, 1936లో కొల్విట్జ్ ప్రింట్లను పుస్తకంగా వేశాడు. ఆ చైనా అచ్చులు కలకత్తా వామపక్ష చిత్రకారుల చేతుల్లోకి వచ్చాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుపోగలిగిన కళ కాబట్టే బెర్లిన్ నుంచి షాంఘై మీదుగా బెంగాల్ దాకా అంత తేలిగ్గా నడిచింది.

అదే నేల నుంచి వచ్చిన ఇంకో మనిషిని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. హరేన్ దాస్ కూడా 1921లోనే పుట్టాడు, పుట్టింది దినాజ్‌పూర్‌లో. చెక్క మీద అతని చెయ్యి అద్భుతం. నీళ్ళ మీద నీడ, చేపల వల, కొబ్బరాకు ఈనె, సాయంత్రం ఇంటికొచ్చే పశువులు, వెంట్రుక మందం గీతల్లో పట్టుకున్నాడు. అతని పల్లె అబద్ధం కాదు. కరువు ఏడాదిలో కూడా చెరువు మీద వెన్నెల పడుతుంది. అయితే ఆ పొలంలో పంట ఎవరికి వెళుతుందో ఆ బొమ్మ అడగదు. నేల అందం ఒక సంగతి, నేల చరిత్ర ఇంకో సంగతి. రెండూ ఒకే పలక మీద ఉండొచ్చు, చెక్కేవాడికి ఆ లెక్క తెలిసి ఉంటే.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. అదే 1946లో, జులై 4న, కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాడు. వెట్టికీ దేశ్‌ముఖ్‌ల భూమి పెత్తనానికీ వ్యతిరేకంగా తెలంగాణ లేచింది. తెభాగాకు చెక్క అచ్చు దొరికినట్టు తెలంగాణ పోరాటానికి ఏం దొరికింది? ప్రధానంగా గొంతు దొరికింది. బుర్రకథ, పాట, నాటకం. చదువురాని ఊళ్ళో రాత్రి వెయ్యి మందికి ఒకేసారి చేరాలంటే అంతకంటే మంచి సాధనం లేదు. ఇందులో లోటేమీ లేదు. ఒక్క నష్టం మాత్రం ఉంది. పాట పాడినవాళ్ళతో పాటు మారుతుంది, కొంత పోతుంది కూడా. ఆ రోజున ఆ కల్లంలో నిలబడ్డ మనిషి మొహం కాగితం మీద మిగలదు.

తెలంగాణ నేల ప్రింట్‌లోకి వచ్చింది కొంత ఆలస్యంగా, వేరే తలుపులోంచి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో, ఆ తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. బరోడాలో ఎచింగ్ పట్టుబడ్డాక ఆయన రేకు మీదికి తెచ్చుకున్నది సొంత ఊరినే. మేకలు, ముళ్ళ కంపలు, బండరాళ్ళు, తలపాగాల మగవాళ్ళు, పెద్ద బొట్ల ఆడవాళ్ళు, దాపరికం లేని కామం. ఇక్కడ ఉద్యమం కనిపించదు, తేదీ కనిపించదు. మెట్ట నేల మీద మనిషీ పశువూ రాయీ తరతరాలుగా పక్కపక్కనే బతికిన అలవాటు కనిపిస్తుంది. నగరం చేరిన చదువుకున్నవాళ్ళు సిగ్గుపడి వదిలేసిన ఊరది. దాన్ని ఆయన సిగ్గు లేకుండా, ప్రేమతో చూశారు. భూమి చరిత్ర అంటే తిరుగుబాట్ల జాబితా అనుకునేవాళ్ళు ఈ ప్రింట్ల ముందు కాసేపు నిలబడాలి.

ఎచింగ్ చెక్క అచ్చుకు సరిగ్గా తిరగేసిన పని. రాగి లేదా జింక్ రేకు మీద మైనపు పూత వేసి, సూదితో గీస్తారు. రేకును యాసిడ్‌లో పెడితే గీసిన చోట మాత్రమే లోహం తినేస్తుంది. తర్వాత ఇంక్ రుద్ది, పైపైన తుడిచేస్తే, గుంటల్లో ఉన్న ఇంక్ మాత్రమే మిగులుతుంది. తడిపిన కాగితం ఆ గుంటల్లోకి దిగి దాన్ని లాక్కొస్తుంది, అందుకు ప్రెస్ బరువు కావాలి. చెక్కలో ఎత్తు మాట్లాడితే ఇక్కడ లోతు మాట్లాడుతుంది. యాసిడ్‌లో ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. రాళ్ళ నేల గరుకుతనం, ఎండిన చర్మం, పొదల చిక్కు, ఇవన్నీ సన్న గీతల్లో రావాలంటే ఈ నిదానమైన పద్ధతే తగినది. లక్ష్మాగౌడ్ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

ఇంకా లోతుకు వెళ్ళిన తెలుగువాడు కృష్ణారెడ్డి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో అతెలియే 17 అనే ప్రింట్ కార్యశాలలో పనిచేసి, చివరికి న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. 2018లో అక్కడే కన్నుమూశారు. శిల్పం కూడా చేసిన మనిషి కావడంతో రేకును ఆయన గీతల కోసం మాత్రమే వాడలేదు, పొలంలా మలిచారు. మెట్ట, పల్లం, గట్టు, గుంట. మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో పలక కావాలి. ఆయనా ఆయన సహచరులూ పెంపొందించిన విస్కాసిటీ (ఇంక్ చిక్కదనం) పద్ధతిలో ఒకే రేకు చాలు. గట్టి రోలర్ ఎత్తులను మాత్రమే తాకుతుంది, మెత్తటి రోలర్ పల్లాల్లోకి దిగుతుంది. ఇంక్‌లో నూనె ఎక్కువ తక్కువలను బట్టి ఒక రంగు ఇంకో రంగును కలుపుకుంటుంది లేదా తోసేస్తుంది. ఏ నీళ్ళు ఏ మడిలో ఆగుతాయో, ఏ మడి దాటి పోతాయో చూసి గట్టు వేసే రైతు తెలివి ఇది. ఆయన మొలకలు, సుడిగుండాలు, నీళ్ళ ప్రవాహాలు చేశారంటే ఆశ్చర్యం లేదు. ఏ ఊరి పేరూ ఆ ప్రింట్ల మీద ఉండదు. నేల ప్రవర్తన మాత్రం రేకు నిండా ఉంటుంది.

ఇక్కడి నుంచి మళ్ళీ హోర్ దగ్గరికి వెళితే అతని ప్రయాణంలో చివరి మలుపు ఎందుకు అంత ముఖ్యమో తెలుస్తుంది. ఢిల్లీలో ప్రింట్ విభాగం నడిపి, 1960ల చివర్లో శాంతినికేతన్ కళాభవన్‌కు చేరాడు. అప్పటికి చెక్క, లినో, ఎచింగ్ అన్నీ చేతిలో ఉన్నాయి. లలిత కళా అకాడమీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. బెంగాల్ మాత్రం మళ్ళీ మండుతోంది. నక్సల్బరీ, కలకత్తా వీధుల్లో హత్యలు, సరిహద్దు అవతల తూర్పు పాకిస్తాన్‌లో మారణకాండ, శరణార్థుల వరద. 1970 తర్వాత హోర్ 'గాయాలు' అనే వరుస మొదలుపెట్టాడు.

వాటిలో మనిషి లేడు. కొడవలి లేదు, మోపు లేదు, లాంతరు లేదు. ఇంక్ కూడా దాదాపు లేదు. పద్ధతి ఇలా ఉంటుంది. తడి మట్టిని పలకలా పరుస్తారు. దాన్ని కత్తితో చీల్చి, పొడిచి, కాల్చి గాయపరుస్తారు. ఆ మట్టి పలక మీద సిమెంటు పోసి అచ్చు తీస్తారు. ఆ సిమెంటు అచ్చులో తడి కాగితపు గుజ్జు నింపి నొక్కి ఆరబెడతారు. ఆరాక వచ్చేది తెల్ల కాగితం. దాని ఒంటి మీద కోతలు, ఉబ్బులు, చిరుగులు. కొన్ని చోట్ల ఒక్క ఎర్రటి మరక.

చెట్టు మీద నరికిన గాటు, లారీ టైరు దిగబడి లేచిన రోడ్డు, కారణం తెలియని కత్తిపోటు తిన్న మనిషి, ఇవన్నీ ఒకేలా కనబడ్డాయని, వస్తువు జారిపోయి గాయం మిగిలిందని హోర్ చెప్పుకున్నాడు. తెభాగా అచ్చుల్లో పొలం బొమ్మలో ఉంది, చెక్క కింద ఉంది. ఇక్కడ బొమ్మ పోయి మట్టే పలక అయింది. నేలకు ఏం జరిగిందో మట్టికి కూడా అదే జరిపి చూపించాడు. సొంత జిల్లాను పోగొట్టుకున్న మనిషి, ఏ జిల్లా పేరూ పెట్టలేని మట్టిని ముందేసుకుని ఈ పని చేశాడని గుర్తుంచుకుని చూడాలి.

ఈ కాగితాలను ఫోటోలో చూసి అంచనా వేయడం కష్టం. ఎదురుగా లైటు పడితే తెల్ల కాగితమే కనిపిస్తుంది. దీపాన్ని పక్కకు జరిపి, గోడకు ఏటవాలుగా వెలుగు పడేలా పెడితే ఒక్కొక్క కోత అంచున సన్నటి నీడ లేస్తుంది.